ఇరాన్ చమురుకు లెక్క అడిగిన ముసద్దిఖ్

ఉర్దూ మాధ్యమంలో చదివే మన విద్యార్థులు దరఖాస్తుకు జతపరచే ధ్రువపత్రపు ప్రతిని ముసద్దఖా నఖల్ అంటారు. మూలంతో సరిచూచి, నిజమేనని అధికారి సంతకం చేసిన ప్రతి అని దాని అర్థం. అందులోని నఖల్ తెలుగులోనికి వచ్చి నకలుగా స్థిరపడినది. ముసద్దఖా మాత్రం ఉర్దూలోనే నిలిచిపోయినది. ఆ మాట పుట్టిన ధాతువు నుండే ముసద్దిఖ్ అనే పేరు కూడ పుట్టినది. సరిచూచి, నిజాన్ని నిజమని ధ్రువపరచువాడు అని దాని తాత్పర్యం. ఇరాన్ దేశంలో ఒక లెక్కల అధికారి కుమారునికి రాజు బిరుదుగా ఇచ్చిన పేరు ఇది. బిరుదులు రద్దయి ప్రజలందరూ ఇంటిపేర్లు పెట్టుకోవలసి వచ్చినప్పుడు ఆయన దీనినే ఇంటిపేరుగా ఉంచుకున్నారు. డాక్టర్ మహమ్మద్ ముసద్దిఖ్ జీవితమంతా ఆ పేరుకు కట్టుబడి నడిచినదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. తన దేశపు చమురుకు లెక్క చూపమని అడిగినందుకే ఆయన పదవిని, స్వేచ్ఛను, చివరకు కోరిన చోట సమాధి పొందే భాగ్యాన్ని కూడ కోల్పోయారు.

ఇరాన్ మనకు మరీ పరాయి దేశం కాదు. గోల్కొండ కుతుబ్ షాహీ వంశ స్థాపకుడు సుల్తాన్ కులీ హమదాన్ ప్రాంతం నుండి దక్కనుకు వచ్చినవాడు. వకీలు, వజీరు, దస్తావేజు, జమాఖర్చు వంటి మాటలు పారసీకం నుండి వచ్చి మన కచేరీలలో, కరణాల కవిలెకట్టలలో నిలిచిపోయినవి. ఆ జమాఖర్చుల లోకంలోనే 1882లో ముసద్దిఖ్ జన్మించారు. తండ్రి మీర్జా హిదాయతుల్లా ఖాజార్ ప్రభుత్వంలో ఆర్థిక వ్యవహారాలు చూచిన ఉన్నతాధికారి. తల్లి నజ్ముస్సల్తనా ఖాజార్ రాజవంశపు ఆడపడుచు. తండ్రి 1892లో కలరా సోకి మరణించగా, తల్లి బిడ్డను కట్టుదిట్టంగా పెంచినది. అనంతర కాలంలో ఆమె టెహరాన్‌లో బీదల కొరకు ఒక ఆసుపత్రి కట్టించి వక్ఫు చేసినది. ఆ ఆసుపత్రి ప్రస్తావన ఈ కథ చివర మరల వచ్చును.

మీసకట్టు సరిగా రాని వయసులోనే ముసద్దిఖ్ ఖురాసాన్ రాష్ట్రానికి ముస్తౌఫీగా, అనగా ఆదాయ వ్యయాలు తనిఖీ చేసే అధికారిగా నియమితులయ్యారు. వంశపారంపర్యంగా వచ్చే ఉద్యోగాలకు అది కాలమే. అయినను లంచం ముట్టని కుర్రవాడని పేరు తెచ్చుకొనుటకు అది కాలం కాదు. ఆయన ఆ పేరు తెచ్చుకున్నారు. 1906లో ఇరాన్ ప్రజలు పోరాడి రాజ్యాంగాన్ని, మజ్లిస్‌ను సాధించుకున్నారు. మొదటి మజ్లిస్‌కు ఇస్‌ఫహాన్ నుండి ఆయన ఎన్నికైనను, ముప్పది ఏండ్లు నిండలేదన్న కారణంగా సభలో కూర్చొనలేకపోయారు. తరువాత పారిస్ వెళ్ళి ఆర్థిక విషయాలు చదివారు. అక్కడ ఆరోగ్యం చెడగా తిరిగివచ్చి, మరల స్విట్జర్లాండులోని న్యూషాటెల్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం అభ్యసించి డాక్టరు పట్టం పొందారు. ఆయన పరిశోధనాంశం ఇస్లామీయ ధర్మశాస్త్రంలో వీలునామా. ఐరోపాలో చదువుకొనుట అనగా తన వారసత్వాన్ని విడిచిపెట్టుట కాదని గ్రహించిన విద్యార్థి ఎన్నుకోదగిన విషయమది.

ఇక చమురు సంగతి. 1901లో విలియం నాక్స్ డార్సీ అనే ధనికుడు, ఆస్ట్రేలియా గనులలో సంపద గడించినవాడు, ఖాజార్ షా నుండి ఒక ఒప్పందపత్రం పొందాడు. ఉత్తరాన ఉన్న అయిదు రాష్ట్రాలు తప్ప మిగిలిన ఇరాన్ అంతట చమురు వెదకి, తీసి, అమ్ముకొనుటకు 60 సంవత్సరాల హక్కు అతనిదయినది. ప్రతిఫలంగా షా ప్రభుత్వానికి 20,000 పౌండ్ల రొక్కం, అంతే విలువగల వాటాలు, ఏటేట నికర లాభంలో నూటికి 16 వంతు. ఏండ్ల తరబడి తవ్వినను చమురు పడలేదు. డార్సీ సొమ్ము అడుగంటగా బర్మా ఆయిల్ కంపెనీ పెట్టుబడి పెట్టినది. మన పల్లెలలో ఒకప్పుడు ప్రతి కిరాణా అంగడిలో కనిపించిన కిరసనాయిలు డబ్బాల మీద బర్మా షెల్ అని ఉండేది; ఆ పేరులోని బర్మా ఈ కంపెనీదే. 1908 మే మాసంలో మస్జిదె సులేమాన్ వద్ద చమురు ఎగజిమ్మినది. మరుసటి ఏట ఆంగ్లో పర్షియన్ ఆయిల్ కంపెనీ ఏర్పడినది. 1914లో బ్రిటిషు ప్రభుత్వం, తన నౌకాదళానికి బొగ్గు బదులు చమురు కావలసి, ఆ కంపెనీలో నూటికి 51 వాటాలు కొన్నది. ఒక వ్యాపార సంస్థతో ఇరాన్‌కు గల లావాదేవీ ఆ దినం నుండి ఒక సామ్రాజ్యంతో లావాదేవీగా మారినది.

ఈ వాటా లెక్క ఎక్కడ చిక్కుపడినదో బేతంచెర్ల విద్యార్థికి విడమరచి చెప్పనవసరం లేదు. మన చుట్టుపక్కల నాపరాతి గనులలో బండలు లారీకెక్కి బయలుదేరవలెనన్న ప్రభుత్వానికి సీనరేజి చెల్లించవలె. ఎంత రాయి పోయినదో తనిఖీ చేసే హక్కు ప్రభుత్వానిది. ఆ హక్కు లేక, గని తవ్వేవాడే లెక్క వ్రాసి, తానే లాభం తేల్చి, అందులో నూటికి పదహారో పదిహేడో విదిల్చి, పుస్తకం మాత్రం చూపనన్నచో ఏమగును? ఇరాన్‌కు జరిగినది అదే. నికర లాభంలో వాటా అన్నారు గాని, ఆ లాభం ఎంతో తేల్చే పుస్తకాలు లండన్‌లో ఉండెను. వాటిని పరీక్షించే అధికారం ఇరాన్ ప్రభుత్వానికి లేకపోయెను. 1933లో ఒప్పందాన్ని తిరుగవ్రాసినప్పుడు రజా షా కొంత ఎక్కువ సొమ్ము సాధించినను, గడువును 1993 వరకు పొడిగించి ఇచ్చినాడు. 1950 నాటికి ఆ కంపెనీ ఇరాన్‌కు చెల్లించిన రాయల్టీ కంటె బ్రిటిషు ఖజానాకు కట్టిన పన్నులే ఎక్కువ. ప్రపంచంలోకెల్ల పెద్దదైన అబాదాన్ శుద్ధి కర్మాగారంలో ఆంగ్ల ఉద్యోగులకు తోటలు, ఈతకొలనులు గల బంగళాలు. ఇరానీ కూలీలకు రేకులు, అట్టలతో వేసిన గుడిసెలు. ఆ గుడిసెల పేటకు కాగితాల ఊరు అని పేరుండేది.

ముసద్దిఖ్ రాజకీయ జీవితం ఈ కథకు సమాంతరంగా నడిచినది. ఫార్స్ రాష్ట్ర గవర్నరుగా, ఆర్థిక మంత్రిగా, విదేశాంగ మంత్రిగా పనిచేసి 1923 తరువాత మజ్లిస్ సభ్యులయ్యారు. 1925లో సేనాని రజా ఖాన్‌ను షాగా ప్రకటించే ప్రతిపాదన వచ్చినది. సభ యావత్తు తలవంచిన వేళ వ్యతిరేకంగా మాటలాడిన కొద్దిమందిలో ఆయన ఒకరు. రజా ఖాన్ సమర్థుడేనని అంగీకరిస్తూనే, అట్టివాడు రాజయితే రాజ్యాంగానికి లోబడి ఊరకుండుట గాని, రాజ్యాంగాన్ని మింగుట గాని తప్పదని వాదించారు. రెండవదే జరిగినది. ఆయన తన గ్రామమైన అహ్మదాబాద్‌లో, మన గుజరాతులోనిది కాదు, టెహరాన్‌కు పడమట ఉన్న పల్లెలో, ఏకాంతవాసం చేయవలసి వచ్చినది. 1940లో కారణం చూపకుండ పట్టుకొనిపోయి దూరాన ఉన్న బిర్జంద్ చెరలో పెట్టారు. తండ్రిని లాగుకొనిపోవుట కన్నులారా చూచిన చిన్న కుమార్తె ఖదీజాకు మతి చలించినది. ఆ బిడ్డ శేష జీవితం చాలవరకు స్విట్జర్లాండు చికిత్సాలయంలోనే గడచినది. దేశపు లెక్కలన్నీ సరిచూచిన ఆ తండ్రికి ఆ ఒక్క నష్టం ఏనాటికీ పూడలేదు.

1941 ఆగస్టులో బ్రిటన్, సోవియట్ రష్యాలు రెండు వైపుల నుండి ఇరాన్‌లో ప్రవేశించినవి. దక్షిణాన అబాదాన్‌ను ఆక్రమించిన సేనలలో మన భారతీయ సిపాయిలే అధికం. తాము పరాధీనులై ఉండి ఇంకొక దేశపు స్వాధీనతను కాలరాయుటకు పంపబడిన ఆ సిపాయిల స్థితి తలచుకొన్న కొలది వింతగా ఉండును. రజా షా గద్దె దిగగా ఇరవై ఒక్క ఏండ్ల కుమారుడు మహమ్మద్ రజా షా అయినాడు. మజ్లిస్‌కు మరల ప్రాణం వచ్చినది. 1944లో టెహరాన్ ప్రతినిధిగా వచ్చిన ముసద్దిఖ్, ఏ మంత్రియు మజ్లిస్ అనుమతి లేనిదే విదేశీయులతో చమురు హక్కుల మంతనాలు చేయరాదని శాసనం చేయించారు. అప్పుడు ఉత్తరపు చమురును కోరుచున్నది రష్యా. ఆయన ఒక దొర చేతి నుండి తీసి వేరొక దొర చేతికి ఇచ్చే పక్షం కాదని అప్పుడే తేలినది.

1950 డిసెంబరులో పొరుగున సౌదీ అరేబియా అమెరికా కంపెనీతో లాభాలలో చెరిసగానికి ఒప్పందం చేసుకొన్నది. అదే మాట ఆంగ్ల కంపెనీ సకాలంలో పలికియున్నచో కథ వేరుగా నడచెడిదేమో. కంపెనీ బిగుసుకొని కూర్చున్నది. 1951 మార్చి 7న ప్రధాని రజ్మారా మసీదులో హత్యకు గురయ్యారు. ఆ నెలలోనే మజ్లిస్, సెనేట్ చమురు జాతీయకరణాన్ని ఆమోదించినవి. ఏప్రిల్ 28న 79 మంది అనుకూలంగా, 12 మంది ప్రతికూలంగా మజ్లిస్ ముసద్దిఖ్‌ను ప్రధానిగా కోరినది. అప్పటికి ఆయనకు వయస్సు మళ్ళినది, తరచు జబ్బు, మంచం మీదనే పడుకొని రాయబారులను కలిసేవారు, సభలో మాటలాడుతూ కన్నీరు పెట్టుకొనేవారు, ఒక్కొక్కప్పుడు సొమ్మసిల్లేవారు. పాశ్చాత్య పత్రికలు ఆ కన్నీటిని ఎగతాళి చేసినవి. టైమ్ పత్రిక 1951 సంవత్సరానికి ఆయననే ప్రధాన పురుషునిగా ఎన్నుకొని, ఎగతాళి మాత్రం మానలేదు.

బ్రిటన్ యుద్ధనౌకలను అబాదాన్ ఎదుట నిలిపినది, ఇరాన్ చమురు కొన్నవారిపై దావాలు వేసినది, లండన్ బ్యాంకులలోని ఇరాన్ నిధుల వాడకాన్ని కట్టడి చేసినది. సాంకేతిక నిపుణులు వెళ్ళిపోగా కర్మాగారం చల్లబడినది. అక్టోబరులో బ్రిటన్ ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు చేయగా, ముసద్దిఖ్ స్వయంగా న్యూయార్క్ వెళ్ళి తన దేశపు వకీలుగా వాదించారు. భద్రతామండలిలో అప్పుడు భారతదేశం సభ్యురాలు. మన ప్రతినిధి బెనెగళ్ నర్సింగరావుగారు యుగోస్లావియాతో కలిసి బ్రిటిషు తీర్మానంలోని కాఠిన్యం తగ్గించే సవరణలు తెచ్చారు. చివరకు హేగ్ న్యాయస్థానం తన అధికార పరిధిని తేల్చేవరకు చర్చను వాయిదా వేశారు. 1952 జూలై 22న ఆ న్యాయస్థానం, ఒక ప్రైవేటు కంపెనీకి ఒక ప్రభుత్వానికి మధ్య జరిగిన ఒప్పందం తమ విచారణకు రాదని 9 మందికి 5గురు తేడాతో తీర్పు చెప్పినది. ఇరాన్ పక్షాన ఓటు చేసిన తొమ్మండుగురిలో బ్రిటిషు న్యాయమూర్తి మెక్‌నెయిర్ ఒకరు. న్యాయమూర్తి అనువాడు ఎట్లుండవలెనో ఈ ఒక్క ఓటు చూపుచున్నది.

ఆ తీర్పుకు సరిగా ముందు దినమే టెహరాన్ వీధులలో రక్తం పారినది. యుద్ధ మంత్రిత్వ శాఖ తన అధీనంలో ఉండవలెనని ముసద్దిఖ్ కోరగా షా నిరాకరించెను. ఆయన రాజీనామా చేశారు. ఖవాం ప్రధానిగా వచ్చి కఠినంగా ప్రకటన చేయగా, ఇరాన్ పంచాంగం ప్రకారం తీర్ మాసం 30వ తేదీన, అనగా జూలై 21న, ప్రజలు వీధులకెక్కారు. సైన్యం కాల్పులు జరిపినది, పలువురు నేలకొరిగారు. షా వెనుకకు తగ్గి ముసద్దిఖ్‌ను మరల పిలిచినాడు. ఆనాడు చనిపోయినవారిని ఆయన మరణించేవరకు మరువలేదు.

ఇక్కడ ఆయన లోపాలు చెప్పకుండ దాటిపోవుట సరికాదు. 1952 ఎన్నికలలో సభకు చాలినంతమంది ప్రతినిధులు ఎన్నిక కాగానే మిగిలిన చోట్ల పోలింగు నిలిపివేయించారు. మజ్లిస్ నుండి విశేషాధికారాలు తీసుకొని, గడువు తీరిన పిదప మరల పొడిగించుకొన్నారు. మసీదుల బలం తెచ్చిపెట్టిన ఆయతుల్లా కాషానీ వంటి సహచరులు ఒక్కొక్కరే దూరమయ్యారు. ప్రపంచ బ్యాంకు మధ్యవర్తిత్వమూ ఫలించలేదు, అమెరికా బ్రిటన్‌లు కలిసి తెచ్చిన ప్రతిపాదనలూ ఆయనకు నచ్చలేదు. చమురు అమ్ముడుపోక ఖజానా ఎండుచున్నప్పుడు కొంత పట్టువిడుపు చూపవలసినదని అనేవారున్నారు. ఆ మాటను కొట్టివేయుట సులభం కాదు. అన్నిటికంటె పెద్ద పొరపాటు 1953 ఆగస్టులో జరిగినది. సభ్యులను విదేశీ ధనం కొనుచున్నదని తెలిసి, మజ్లిస్‌ను రద్దు చేయుటకు ప్రజాభిప్రాయ సేకరణ జరిపించారు. అవునన్నవారికి ఒకచోట, కాదన్నవారికి వేరొకచోట పెట్టెలు పెట్టగా, ఓట్లు దాదాపు అన్నియు ఒకేవైపు పడినవి. రహస్యం లేని ఓటు ఓటు కాదని న్యాయశాస్త్ర పారంగతునికి తెలియనిదా? పైగా, సభయే లేనప్పుడు ప్రధానిని తొలగించే హక్కు తమదని షా పక్షం వారు వాదించుటకు అది అవకాశమిచ్చినది. విదేశీయుడు తలుపు బ్రద్దలు కొట్టవలసిన పని లేకపోయినది. గడియ లోపలి నుండియే వదులైనది.

గడియ వదులు చేసినవారిలో ఆయనయు ఉండవచ్చును గాని, త్రోసినది మాత్రం ఆయన కాదు. 1952 అక్టోబరులో బ్రిటన్‌తో దౌత్య సంబంధాలు తెంచివేయగా బ్రిటిషు గూఢచారులు దేశం విడిచిపోయి, తమ పథకాన్ని అమెరికా వారి చేతిలో పెట్టారు. ట్రూమన్ కాలంలో అమెరికా రాజీనే కోరినది. 1953 జనవరిలో ఐసెన్‌హోవర్ అధ్యక్షుడయ్యాడు. విదేశాంగశాఖ, గూఢచారి సంస్థ డల్లెస్ సోదరుల చేతికి వచ్చినవి. బ్రిటిషు వారు చమురును గూర్చి చెప్పుట తగ్గించి, ఇరాన్ కమ్యూనిస్టుల పాలగునని చెప్పుట పెంచారు. అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు మనుమడు కెర్మిట్ రూజ్వెల్టు టెహరాన్ చేరి పథకం నడిపినాడు. పత్రికలకు, ప్రతినిధులకు, సేనానులకు, వీధి రౌడీలకు డబ్బు పంచబడినది. కమ్యూనిస్టుల పేరు పెట్టుకొని అల్లర్లు చేసి జనాన్ని భయపెట్టే కూలిమూకలు కూడ సిద్ధమయినవి.

ఆగస్టు 15 అర్ధరాత్రి, మన దేశంలో స్వాతంత్ర్య దినోత్సవపు జెండాలు దించిన వేళ, కర్నల్ నసీరీ షా ఫర్మానాతో ప్రధాని ఇంటికి వచ్చినాడు. సంగతి ముందే తెలిసియుండుటచే అతడే బందీ అయినాడు. షా బాగ్దాదుకు, అక్కడి నుండి రోముకు పారిపోయినాడు. కుట్ర విఫలమైనదని అందరూ అనుకున్నారు. ముసద్దిఖ్ కూడ అట్లే అనుకొని, వీధులలోని తన మద్దతుదారులను ఇండ్లకు పొమ్మన్నారు. ఆగస్టు 19న, ఖాళీ అయిన ఆ వీధులలోనికి షా చిత్రపటాలతో మూకలు వచ్చినవి. వెనుక ట్యాంకులు వచ్చినవి. ప్రధాని ఇంటి ఎదుట గంటల తరబడి పోరు సాగినది. ఆ దినం నగరంలో వందలమంది మరణించారు. ఆయన గోడ దాటి తప్పించుకొని, మరునాడు తానే లొంగిపోయారు. కొత్త ప్రధాని జనరల్ జాహిదీ. జర్మనీ పక్షపాతి అని రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిషు వారే చెరబట్టిన మనిషి అతడు. పాత శత్రువు కూడ పనికివచ్చు రాజకీయమది. ఆ ఏడే అక్టోబరు 1న మన కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యపట్టణమయినది. మనవారు స్వపరిపాలన సంబరంలో ఉన్న ఆ మాసాలలో టెహరాన్‌లో సైనిక న్యాయస్థానం ఒక వృద్ధ ప్రధానిని విచారించుటకు సిద్ధమగుచుండెను.

విచారణ నవంబరులో మొదలై డిసెంబరు 21న ముగిసినది. ఆ న్యాయస్థానానికి తనను విచారించే అధికారమే లేదని ఆయన చివరివరకు వాదించారు. మూడేండ్ల ఏకాంత కారాగారం విధించారు. విదేశాంగ మంత్రిగా పనిచేసిన యువకుడు హుసేన్ ఫాతిమీని 1954 నవంబరులో కాల్చి చంపారు. అదే ఏట చమురును కంపెనీల కూటమికి అప్పగించారు: పాత ఆంగ్ల కంపెనీకి నూటికి 40, అమెరికా కంపెనీలకు 40, షెల్‌కు 14, ఫ్రెంచి వారికి 6. లాభాలు ఇరాన్‌తో చెరిసగం. పేరుకు జాతీయకరణం నిలిచినది. కాని కూటమి లెక్కల పుస్తకాలు చూచే హక్కు మరల ఇరాన్‌కు దక్కలేదు.

1956లో చెర ముగిసినను విడుదల లేదు. అహ్మదాబాద్ పల్లెలోని ఇంటిలోనే కాపలా మధ్య ఉంచారు. రైతులకు మందులు ఇచ్చుట, పుస్తకాలు చదువుట, ఉత్తరాలు వ్రాయుట ఆయన దినచర్య. జబ్బు ముదిరినప్పుడు టెహరాన్‌కు తీసుకొనిపోనిచ్చారు. 1967 మార్చి 5న కన్నుమూసినది తల్లి వక్ఫు చేసిన నజ్మియా ఆసుపత్రిలోనే. తీర్ 30 నాటి మృతుల ప్రక్కన తనను ఖననం చేయమని కోరియుండెను. షా అనుమతించలేదు. ఊరేగింపు లేదు, బహిరంగ సంస్మరణ లేదు. శవాన్ని అహ్మదాబాద్ తెచ్చి, ఇంటిలో భోజనాల గది నేల త్రవ్వి అందులోనే పూడ్చారు.

1979లో షా దేశం విడిచిపోయిన తరువాత వచ్చిన మొదటి వర్ధంతికి, ఆ పల్లెకు టెహరాన్ నుండి జనం తండోపతండాలుగా తరలివచ్చారు. 2000 సంవత్సరంలో అమెరికా విదేశాంగ మంత్రి ఆల్‌బ్రైట్ ఆ కుట్రలో తమ దేశపు పాత్రను బహిరంగంగా ఒప్పుకొన్నారు. 2013లో గూఢచారి సంస్థ స్వంత దస్తావేజులే ఆ సంగతిని ధ్రువపరచినవి. ముసద్దిఖ్ మాత్రం ఆ భోజనాల గదిలోనే, తాను కోరిన మృతుల పంక్తికి దూరంగా ఉన్నారు.